తుఫాను గాలికి దారి తప్పిన సీతాకోకచిలుకలు

ప్రశ్న: అమెరికా ఖండపు మొనార్క్ సీతాకోకచిలుకలు అప్పుడప్పుడు ఇంగ్లండు నైరుతి తీరంలో కనిపిస్తాయని చదివాను. అర గ్రాము బరువుండే ప్రాణి అట్లాంటిక్ మహాసముద్రాన్ని ఎలా దాటుతుంది? మళ్లీ వెనక్కు వెళ్లగలదా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: కేవలం రెక్కల బలంతో దాటలేదు, గాలి మోసుకుపోతేనే దాటుతుంది. కెనడా దక్షిణ ప్రాంతాల నుంచీ అమెరికా ఈశాన్య రాష్ట్రాల నుంచీ మొనార్క్‌లు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మెక్సికోలో దాదాపు 3,000 మీటర్ల ఎత్తున ఉన్న కొండ అడవులకు వలస వెళతాయి. దారి పొడవునా రెక్కలు ఆడిస్తే వాటి శక్తి చాలదు కనుక, ఎండకు వేడెక్కి పైకి లేచే గాలిలో గద్దల్లా చుట్లు తిరుగుతూ ఎత్తుకు చేరి, అక్కడి నుంచి రెక్కలు చాచి తేలుతూ సాగుతాయి. అట్లాంటిక్ తీరంలో తుఫానులు రేగేది కూడా ఆ నెలల్లోనే. అంత ఎత్తున ఉండగా బలమైన పడమటి గాలి తగిలితే సముద్రం మీదికి కొట్టుకుపోవడం తప్ప గత్యంతరం లేదు. బ్రిటన్‌లో మొదటి మొనార్క్ 1876లో వేల్స్‌లో కనిపించింది. స్పెయిన్‌లోనూ కానరీ దీవుల్లోనూ ఇవి స్థిరపడి ఉన్నాయి కాబట్టి, బ్రిటన్‌లో వాలిన ప్రతిదీ అమెరికా నుంచే వచ్చిందనుకోవడం మాత్రం తొందరపాటు.

సముద్రం దాటడం సాధ్యమేనని మరో జాతి గట్టిగా రుజువు చేసింది. 2013 అక్టోబరులో దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానా తీరాన, ఆ ఖండంలో ఉండని పెయింటెడ్ లేడీ సీతాకోకచిలుకలు, రెక్కలు చిరిగి చిల్లులు పడిన స్థితిలో ఇసుక మీద వాలి కనిపించాయి. వాటి ఒంటికి అంటుకున్న పుప్పొడిలో ఆఫ్రికా పొదల జాడ దొరకడంతో, వ్యాపార పవనాల సాయంతో అవి 5 నుంచి 8 రోజుల్లో 4,200 కిలోమీటర్లు దాటాయని 2024లో శాస్త్రవేత్తలు తేల్చారు. గాలి సాయం లేకపోతే వాటి ఒంట్లోని కొవ్వు 780 కిలోమీటర్లకు మించి సరిపోదట.

ఇక వెనక్కు వెళ్లడం దాదాపు అసాధ్యం. మొనార్క్‌లు సూర్యుణ్ణి బట్టి దిక్కు తెలుసుకుంటాయే గాని, తాము ఎక్కడున్నదీ వాటికి తెలియదు. తూర్పు కెనడాలోని ఒంటారియోలో పట్టిన వాటిని 2,500 కిలోమీటర్లు పడమటికి, కాల్గరీకి తీసుకువెళ్లి పరీక్షించినప్పుడు, మెక్సికో ఇప్పుడు ఆగ్నేయాన ఉన్నా అవి ఇంచుమించు నైరుతి వైపే ముఖం తిప్పాయి.

చేరిన చోట సంతతి నిలవాలంటే గొంగళిపురుగులకు జిల్లేడు కుటుంబపు మొక్కలు కావాలి. (మన ఊళ్లలో జిల్లేడు చెట్ల చుట్టూ తిరిగే ప్లెయిన్ టైగర్ మొనార్క్‌కు దగ్గరి చుట్టమే.) బ్రిటన్‌లో అలాంటి మొక్కలు సహజంగా పెరగవు గనుక అక్కడ వాలినవి ఆ తరంతోనే ముగిసిపోతాయి. 1870ల తొలినాళ్లలో ఆస్ట్రేలియాలో కనిపించిన మొనార్క్‌లను పసిఫిక్ తుఫానులు మోసుకువచ్చి ఉంటాయని కొందరి అభిప్రాయం. బయటి దేశాల నుంచి వచ్చిన జిల్లేడు జాతి మొక్కలు అప్పటికే అక్కడ పెరుగుతున్నందువల్ల, అవి ఆ దేశంలో స్థిరపడిపోయాయి.