మేడమీదికి వెళ్లి మాట్లాడే కొడుకు

ప్రశ్న: మాది నెల్లూరు. నేను బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ఒక ఆంగ్లేయుణ్ణి పెళ్లి చేసుకున్నాను. మా అబ్బాయి అక్కడే పుట్టాడు. వాడికి తొమ్మిదేళ్లప్పుడు మేము విడాకులు తీసుకున్నాము. అప్పటి నుంచి వాణ్ణి బెంగళూరులో నేనే పెంచాను. ఇప్పుడు వాడికి 18 నిండాయి, ఇక్కడి ఒక ఫుట్‌బాల్ క్లబ్బు తొలిసారి ప్రొఫెషనల్ కాంట్రాక్టు ఇస్తానంటోంది. బ్రిటిష్ పాస్‌పోర్టు వదిలేసి భారత పౌరసత్వం తీసుకోమంటే ‘చూద్దాంలే అమ్మా’ అంటాడు. ఆదివారాలు మేడమీదికి వెళ్లి వాళ్ల నాన్నతో ఫోనులో మాట్లాడుతున్నాడని ఈ మధ్యే తెలిసింది. జెర్సీ మీద మా ఇంటిపేరే వేయమని క్లబ్బుకు నేను మెయిల్ పెట్టాను. వాణ్ణి పౌరసత్వానికి ఎలా ఒప్పించాలి?
ఒక తల్లి, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: అమ్మా, పౌరసత్వం సంగతి చిన్నది కనుక ముందు దానికి జవాబు చెప్పేస్తాను. ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) తీసుకుని ఐదేళ్లు దాటి, దరఖాస్తుకు ముందు 12 నెలలు ఇక్కడే నివసించినవారు 1955 నాటి పౌరసత్వ చట్టం కింద భారత పౌరులుగా నమోదుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మన చట్టం రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి అప్పుడు బ్రిటిష్ పౌరసత్వాన్ని వదులుకోక తప్పదు. భారత జట్టుకు ఆడాలంటే భారత పాస్‌పోర్టు ఉండి తీరాలి, ఓసీఐ కార్డు సరిపోదు. అయితే ఆ దరఖాస్తు మీద సంతకం పెట్టవలసినది మీ అబ్బాయి. అతను మేజరు. చట్టమే ఆ నిర్ణయాన్ని అతని చేతికిచ్చాక, ఎలా ఒప్పించాలని మీరు నన్ను అడగడం సరికాదు.

తొందర కూడా లేదు. భారతీయ తండ్రికీ జపాన్ తల్లికీ జపాన్‌లో పుట్టిన ఇజుమి అరటా, ఇక్కడి క్లబ్బులకు ఏళ్ల తరబడి ఆడిన తరువాత, ముప్పయ్యో ఏట, 2012లో భారత పౌరుడయ్యాడు. ఆస్ట్రేలియాలో పుట్టి మీ ఊరి బెంగళూరు ఎఫ్‌సీకి ఆడుతున్న ర్యాన్ విలియమ్స్, తల్లివైపు మూలాలు మన దేశంలో ఉన్నవాడే అయినా, 2025లో ఆస్ట్రేలియా పౌరసత్వం వదులుకునే నాటికి ముప్పై దాటాడు. ఇంగ్లండులో పెరిగిన హంజా చౌధురీ తల్లివైపు వారిది బంగ్లాదేశ్, కన్నతండ్రి వైపు వారిది గ్రెనడా. అతను ఇంగ్లండు అండర్-21 జట్టుకు ఆడి, 2025 మార్చిలో షిల్లాంగ్‌లో మన జట్టు మీదే బంగ్లాదేశ్ తరఫున తొలి మ్యాచ్ ఆడేటప్పటికి అతనికి 27 ఏళ్లు. బంగ్లాదేశ్ చట్టం అనుమతిస్తుంది కాబట్టి అతను బ్రిటిష్ పౌరసత్వం వదులుకోవలసిన అవసరం కూడా రాలేదు. ఆటలో నిలదొక్కుకుని, తమ బతుకేమిటో తమకు తెలిసిన తరువాత వీళ్లు తేల్చుకున్న విషయాన్ని, సీనియర్ జట్టులో ఒక్క మ్యాచ్ కూడా ఆడని పిల్లవాణ్ణి మీరు ఇప్పుడే తేల్చమంటున్నారు.

మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించినది మేడమీది ఫోను సంగతి. తండ్రితో మాట్లాడాలంటే పద్దెనిమిదేళ్ల కుర్రవాడు సొంత ఇంట్లో చోటు లేక మెట్లెక్కి పోతున్నాడు. ఆయన మీకు ఏ అన్యాయం చేశారో మీరు రాయలేదు, నేను అడగను. పిల్లవాడికి హాని చేశారని ఉంటే నా జవాబు వేరుగా ఉండేది, కానీ అలాంటి మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. పిల్లవాడి పెంపకం మీకు దక్కింది గాని, తండ్రిని తలుచుకోకుండా ఆపే హక్కు మీకు ఎవరూ ఇవ్వలేదు. ‘చూద్దాంలే అమ్మా’ అన్నప్పుడు అతను పాస్‌పోర్టు గురించి ఆలోచిస్తూ ఉండకపోవచ్చు. సంతకం పెడితే నాన్నను కాదన్నట్టు అవుతుందని, పెట్టకపోతే అమ్మను కాదన్నట్టు అవుతుందని నలిగిపోతున్నాడని నాకనిపిస్తోంది.

ఇది మీ ఇంటి గొడవ మాత్రమే అయితే ఇంత గట్టిగా చెప్పేదాన్ని కాదు. తొలి కాంట్రాక్టు మీద ఉన్న ఆటగాడికి మొదటి రెండు మూడేళ్లు చాలా కష్టంగా గడుస్తాయి. రోజూ ప్రాక్టీసు చేసినా మ్యాచ్ రోజున జాబితాలో పేరు ఉండదు, ఉన్నా బెంచీ మీద కూర్చోవలసి వస్తుంది, ఒక్కోసారి తెలియని ఊరిలోని మరో క్లబ్బుకు లోన్ మీద, అంటే కొంతకాలం అరువుగా, పంపుతారు. తొడ వెనక కండరం పట్టేసినా, కోచ్‌కు తెలిస్తే ఉన్న అవకాశమూ పోతుందని చెప్పకుండా ఆడి, రెండు వారాల్లో తగ్గవలసిన గాయాన్ని నెలల తరబడి సాగదీసుకునే కుర్రవాళ్లు ఉంటారు. అలాంటి రోజున నిజం చెప్పుకోవడానికి అతనికి ఇల్లు కావాలి. అమ్మకు కష్టం కలిగించే విషయాలను దాచాలని మీ దగ్గరే నేర్చుకున్న పిల్లవాడు, రేపు మోకాలి నొప్పినీ, కాంట్రాక్టు పొడిగించబోమన్న కబురునూ కూడా మీ దగ్గర దాస్తాడు.

ఒంటరిగా, బంధువుల మాటలు పడుతూ, ఉద్యోగం చేసుకుంటూ మీరు అతన్ని ఇంతవాణ్ణి చేశారు. ఆ శ్రమ ముందు నేను తల వంచుతాను. కానీ ఆ శ్రమకు రసీదును కొడుకు వీపు మీద అచ్చు వేయించుకోవడం మీ ఆత్మగౌరవానికి తగినది కాదు. పెంచినది మీరేనని అతనికి తెలుసు, మీకూ తెలుసు. స్టేడియంలో కూర్చున్న జనానికి అది తెలియవలసిన అవసరం లేదు.

అందువల్ల జెర్సీ గురించి మీరు పంపిన అభ్యర్థనను వెనక్కి తీసుకుంటున్నానని క్లబ్బుకు రేపే రాయండి. ఏ పేరు వేయాలో అతనే చెబుతాడు. ఇంటిపేరు ఏదీ లేకుండా సొంత పేరొక్కటే వేయించుకున్నా కాదనకండి. వచ్చే ఆదివారం ఫోను వచ్చినప్పుడు హాలులోనే కూర్చుని మాట్లాడుకోమని చెప్పి, మీరు మీ పని చూసుకోండి. ఏం మాట్లాడాడని తరువాత అడగవద్దు. కాంట్రాక్టును మాత్రం లాయరుకు చూపించకుండా సంతకం చేయనివ్వకండి. ఎన్నేళ్లకు, గాయమైతే వైద్యం ఖర్చు ఎవరిది, మధ్యలో మానుకుంటే ఏమవుతుంది, ఏజెంటు వాటా ఎంత అన్నవి విడివిడిగా అడిగి తెలుసుకోవాలి. ఒక కాపీని తండ్రికి పంపుతానని అతను అంటే పంపనివ్వండి. చదువు దూరవిద్యలో కొనసాగించవచ్చు, దానికి ఇప్పుడు తొందరపడనక్కరలేదు.

నెల్లూరు నుంచి మీవాళ్లు ఫోను చేసి అతని తండ్రి గురించి ఎవరైనా తేలిగ్గా మాట్లాడితే, పిల్లవాడు వినేలా అక్కడికక్కడే వారించండి. ఆ పని అతనికి వదలకండి.