ఎండిన కుండీకి నీళ్లు పోయకండి

పెరటి తోట: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం నేల ఆర్కిడ్ల మీదే. మామిడి కొమ్మను పట్టుకుని పెరిగే వాండాలు కావివి. మట్టిలో వేరూని, దుంపలో తిండి దాచుకుని, ఏడాదిలో కొన్ని నెలలు ఆకు కూడా లేకుండా పడుకునే రకాలు. ఆ పడుకున్న నెలల్లోనే చాలామంది వీటిని ప్రేమగా నీళ్లు పోసి చంపుకుంటున్నారు.

ప్రశ్న: మాది రాజోలు వైపు ఇసుక నేల. కొబ్బరి తోటలో గడ్డి గీయిస్తుంటే పచ్చటి దుంపలు కనిపించాయండి. సగం భూమిపైనే ఉన్నాయి, ఒకదాని పక్కన ఒకటి వరసగా. ఒక్క ఆకు లేదు గానీ నడుమెత్తు పూకాడ, దానికి కొమ్మలు, కొమ్మల నిండా చిన్న చిన్న పూలు. రెండు దుంపలు తెచ్చి నల్లమట్టి కుండీలో పెట్టి రోజూ నీళ్లు పోస్తున్నాం. ఇరవై రోజులకు ఒక దుంప నొక్కితే వేలు దిగిపోతోంది. ఇదేం మొక్క? రెండోదైనా దక్కుతుందా?

జవాబు: మీరు రాసిన గుర్తులు యులోఫియా గ్రామినియాకి సరిపోతున్నాయి. పువ్వును దగ్గరగా పట్టుకుని చూడండి. బయటి రేకలు ఆకుపచ్చ, గోధుమ కలిసిన రంగులో ఉండి, మధ్యలో పెదవిలా చాచిన రేక మాత్రం తెల్లగా, దాని మీద గులాబీ రంగు పీచు నిలబడి ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఆ తురాయిని చూసే, గ్రీకులో ‘చక్కని తురాయి’ అనే అర్థం వచ్చేలా ఈ ప్రజాతికి (దగ్గరి చుట్టాలైన మొక్కల గుంపుకు) యులోఫియా అని పేరు పెట్టారు.

తప్పు పూర్తిగా నీళ్లది. ఆకు లేని మొక్క నీరు తాగదు. తాగని నీరు నల్లమట్టిలో నిలిచిపోయి, గాలి ఆడక ముందు వేర్లు కుళ్లాయి, అక్కణ్నుంచి కుళ్లు దుంపలోకి ఎక్కింది. ఈ రోజే కుండీ బోర్లించండి. మెత్తబడిన దుంపను పక్క దుంపతో కలిపే ముడి దాకా కోసి పారేయండి. మిగిలినదాని మీద ఎండు పొరలు వలిచి, కోసిన చోటు చూడండి. కండ తెల్లగా, గట్టిగా ఉండాలి. గోధుమ రంగు గీత కనిపిస్తే తెలుపు వచ్చేదాకా పలచగా చెక్కుతూ పోండి. ప్రతి కోతకూ ముందు కత్తిని మంట మీద కాల్చాలి, లేకపోతే కుళ్లును మీరే లోపలికి మోసుకెళ్లినట్టవుతుంది. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంధ్ర నాశని పొడిలో నాలుగు చుక్కల నీళ్లు కలిపి ముద్ద చేసి గాటుకు పూయండి. వారం రోజులు నీడలో గాలి తగిలేచోట ఆరబెట్టండి. దుంప కాస్త ముడతలు పడుతుంది, కంగారు పడకండి. ముడత పడిన దుంప బతుకుతుంది గానీ మెత్తబడింది బతకదు.

నాటడానికి అడుగున చిల్లులున్న ఎనిమిది అంగుళాల మట్టి కుండీ చాలు. ముతక గోదావరి ఇసుక 4 పాళ్లు, బఠాణీ గింజంత ఇటుక ముక్కలు 2 పాళ్లు, బాగా చివికిన ఆకు ఎరువు 2 పాళ్లు, వర్మీ కంపోస్టు 1 పాలు. గోడ పూతకు వాడే సన్న ఇసుక వేయొద్దు, ముక్కల మధ్య సందులన్నీ పూడ్చేస్తుంది. సముద్రపు ఇసుక ఉప్పు కాబట్టి అసలే వద్దు. నింపిన కుండీలో లీటరు నీళ్లు పోస్తే నిమిషంలోగా అడుగు నుంచి కారిపోవాలి, ఆగితే ఇటుక ముక్కలు ఇంకో పాలు కలపండి. దుంప సగం పైకి కనబడేలా నాటాలి. తోటలో ఎలా కూర్చుందో కుండీలోనూ అలాగే. పూర్తిగా పూడ్చితే మెడ దగ్గర కుళ్లుతుంది.

ఇక ఏడాది లెక్క. మృగశిర కార్తె వానలకు, అంటే జూన్ రెండో వారం ప్రాంతంలో, దుంప పక్కన కొమ్ములా మొలక లేస్తుంది. మొలకను చూడగానే చెంబెడు నీళ్లు పోసేయకండి. లేత ఆకులు గరాటులా చుట్టుకుని ఉంటాయి, అందులో నీరు నిలిస్తే మొలక నడిమధ్య నుంచి కుళ్లి, పట్టి లాగితే ఊడి చేతికొస్తుంది. మొలక ఆరు అంగుళాలయ్యేదాకా కుండీ అంచు వెంట కొద్దిగా తడిపితే చాలు. జూలై నుంచి సెప్టెంబరు దాకా మాత్రం లోటు చేయొద్దు. పైన రెండంగుళాలు ఆరినప్పుడల్లా పూర్తిగా తడపండి. పదిహేను రోజులకోసారి నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే 19-19-19 ఎరువు లీటరుకు ఒక గ్రాము చొప్పున ఇవ్వండి. ఈ మూడు నెలల్లో దుంప ఎంత ఊరితే వచ్చే ఏడు పూకాడ అంత పొడుగు. యూరియా వేస్తే ఆకు ఏపుగా వస్తుంది, దుంప బోలుగా ఉంటుంది. సెప్టెంబరు ఆఖరుకు ఎరువు ఆపేయండి.

డెల్టాలో అసలు గండం చిత్త, స్వాతి కార్తెల్లో, తుపాను ముసుర్లకు. కుండీని చూరు కిందికి లాగి ఇటుకల మీద నిలబెట్టండి. నవంబరులో ఆకు పండుతుంది, వారానికోసారి నీళ్లు చాలు. డిసెంబరుకు ఆకు రాలాక ఇరవై రోజులకోసారి టీ గ్లాసెడు నీళ్లు అంచు వెంట. వేసవి ముఖంలో పూకాడ కనిపించాక వారానికి టీ గ్లాసెడు. కాలువలు కట్టేసిన రోజుల్లో వరి మడికి నీళ్లు అడగనట్టే దీనికీ అడక్కండి.

తోటలో మిగిలిన దుంపల్ని అక్కడే ఉంచండి. చుట్టూ నాలుగు పుల్లలు పాతి, ఆ గజం మేర గడ్డి మందు కొట్టొద్దని కూలీలకు చెప్పండి. కుండీకన్నా ఇసుక మెరకే దానికి సుఖం.

ప్రశ్న: కడియం నర్సరీలో గ్రౌండ్ ఆర్కిడ్ అని ఊదా పూల మొక్క కొన్నాం. మడతల ఆకులు, చూడ్డానికి లేత కొబ్బరి మొలకలా ఉంది. ఆర్నెల్లకు ఆకు కొనలు మాడుతున్నాయి, పూలూ తగ్గాయి. దీనికి కూడా నీళ్లు ఆపాలా? (సఖినేటిపల్లి నుంచి)

జవాబు: ఆపొద్దు. మీది స్పాథోగ్లోటిస్ ప్లికాటా. ఏడాది పొడుగునా ఆకు ఉండే రకం, పూర్తిగా ఎండబెడితే వాడిపోతుంది. నర్సరీల్లో దీన్నీ, పడుకునే యులోఫియానీ ఒకే పేరుతో అమ్మడం వల్ల ఒకదాని వైద్యం ఇంకోదానికి చేస్తున్నారు.

మీ ఊరు సముద్రానికి దగ్గర కాబట్టి ముందు బోరు నీటిని అనుమానించాలి. నీటిలో కరిగిన ఉప్పును పీపీఎంలలో కొలిచే టీడీఎస్ మీటరుతో చూడండి. 300 లోపు మేలు, 500 దాకా నెట్టుకురావచ్చు, 1000 దాటితే ఆ నీరు ఈ మొక్కకు పనికిరాదు. ఉప్పు నీటి మాడుకు ఒక గుర్తు ఉంది: కొన నుంచి గోధుమ రంగు లోపలికి దిగుతుంది, మాడిన భాగానికీ పచ్చ భాగానికీ మధ్య సన్నటి పసుపు గీత ఉంటుంది, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. డాబా మీద పడే వాన నీటిని డ్రమ్ములో పట్టుకోండి. అది కుదరకపోతే నెలకోసారి మంచి నీటితో కుండీ కొలతకు రెండింతలు పోసి ఉప్పు కడిగేయండి.

కుండీలో కొబ్బరి పొట్టు వేసి ఉంటే, రెండో అనుమానం దాని మీద. ఉప్పు నీటిలో నానబెట్టిన పీచు నుంచి వచ్చిన పొట్టయితే సంచిలోనే ఉప్పు ఉంటుంది. నానబెట్టి పిండడం మూడు నాలుగుసార్లు చేసి, ఆఖరి పిండిన నీటికి మీటరు పెట్టి చూశాకే వాడండి. పూలు తగ్గడానికి మాత్రం నీడ కారణం కావచ్చు. పొద్దుటి ఎండ మూడు నాలుగు గంటలు తగలాలి, తర్వాత కొబ్బరాకు నీడో, సగం ఎండ వడగట్టే షేడ్ నెట్టో చాలు.

ప్రశ్న: మారేడుమిల్లి వెళ్లినప్పుడు దారి పక్కన తెల్ల పూల నేల ఆర్కిడ్, మట్టితో సహా తవ్వి తెచ్చాం. పూలు పది రోజులున్నాయి. తర్వాత మొక్క పోయింది, మరుసటి ఏడు మొలవలేదు.

జవాబు: తెల్ల పూలు, పొడుగు తోకతో ఉంటే అది హబెనేరియా కావచ్చు. దాన్ని తవ్వి చూస్తే రెండు దుంపలుంటాయి. ఒకటి ముడతలు పడి గోధుమ రంగుకు తిరిగిన పాతది, రెండోది తెల్లగా నిగనిగలాడే కొత్తది. పాతది ఈ ఏటి పూలకు ఖర్చయి చచ్చిపోతుంది, కొత్తది వచ్చే ఏటికి. పూతలో తవ్వారంటే కొత్త దుంప ఇంకా సెనగ గింజంతే ఉండగా వేర్లు తెంపారన్నమాట. ఆ పది రోజుల పూలు పాత దుంపలోని తిండితో వచ్చినవే. పైగా కొండ మట్టిలోని బూజు దారాలతో దాని వేర్లకు పొత్తు ఉంటుంది, డెల్టా బంకమట్టిలో అది తెగిపోతుంది.

ఇంకో మాట కటువుగానే చెప్పాలి. రిజర్వు అడవిలో మొక్క తవ్వడం నేరం, పాపికొండల జాతీయ ఉద్యానంలో మరీ పెద్ద నేరం. ఫొటో తీసుకుని రండి.

ప్రశ్న: దుంపల మొదట్లో తెల్లటి బూజు విసనకర్రలా పరుచుకుంది. దాని మీద ఆవగింజల్లాంటివి ఉన్నాయి. నత్త గుడ్లనుకుని ఏరేశాం. నాలుగు రోజుల్లో మొక్క వాలిపోయింది.

జవాబు: అవి గుడ్లు కావు, స్క్లెరోషియం రోల్ఫ్సీ అనే శిలీంధ్రం గింజలు. వేరుశెనగ, టమాటా, మిరప మొదళ్లను కుళ్లబెట్టేది ఇదే. ఉక్కపోత, తడి, మొదటికి ఆనుకుని సగం చివికిన ఆకు, ఈ మూడూ కలిస్తే రెచ్చిపోతుంది. తేమ కోసం మొదట్లో గడ్డి పరిచి ఉంటే అదే దానికి మేత అయింది. పోయిన మొక్కను చుట్టూ జానెడు మట్టితో సహా సంచిలో కట్టి పారేయండి. ఆ మట్టిని కూరమడిలో మాత్రం పోయకండి, గింజలు ఏళ్ల తరబడి బతికుంటాయి. పక్క కుండీల్లో దుంప చుట్టూ నాలుగు వేళ్ల మేర ఆకు చెత్త లేకుండా ముతక ఇసుక పరవండి. వచ్చే ఏటి మట్టిని మేలో తడిపి, పారదర్శక పాలిథిన్ సంచుల్లో పలచగా నింపి, నెల రోజులు డాబా మీద రోహిణి ఎండలో పెట్టండి. నెలనెలా ముందుజాగ్రత్తగా శిలీంధ్ర నాశని పోసే అలవాటు మాత్రం వద్దు, వేర్లకు సాయపడే మంచి బూజు కూడా పోతుంది.

ప్రశ్న: వరి గట్టు మీద చలికాలంలో వేలెడు పొడవున, ఎర్రటి కాడ, తెల్ల పూలకు పసుపు నాలుకతో ఒక మొక్క వస్తోంది. కుండీకి మార్చవచ్చా?

జవాబు: జ్యూక్సిన్ స్ట్రాటియుమాటికా. అదీ ఆర్కిడే, కానీ ఆయుష్షు తక్కువ, పూసి కాయలయ్యాక ఆ మొక్క చచ్చిపోతుంది. కుండీకి మార్చినా లాభం లేదు. ఫిబ్రవరి దాకా గట్టు చెక్కకుండా ఉంటే గింజ అదే రాల్చుకుంటుంది.

ప్రశ్న: యులోఫియాకు గుత్తిగా కాయలు కట్టాయి. గింజ చల్లి నారు పోయవచ్చా?

జవాబు: కాయ విప్పి చూడండి, గింజలు కావు, మైదా పిండి అనుకుంటారు. ఒక్కో కాయలో వేలల్లో ఉంటాయి. గింజలో మొలకకు కావాల్సిన తిండి ఉండదు కాబట్టి సరిపడే శిలీంధ్రం తగిలి చక్కెర అందిస్తేనే మొలక లేస్తుంది. శిలీంధ్రంతో ఈ సంబంధాన్ని 1899లో ఫ్రాన్సులో నోయెల్ బెర్నార్డ్ పట్టుకున్నాడు. శిలీంధ్రం లేకుండానే, చక్కెర కలిపిన జెల్లీ మీద మొలిపించవచ్చని 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ చూపించాడు. ఆర్కిడ్ గింజల్ని ల్యాబులో మొలిపించే నేటి టిష్యూ కల్చర్ సీసాలు ఆ దారినే వచ్చాయి. ఇంట్లో కుండీ మట్టిలో చల్లితే నూటికి తొంభై తొమ్మిది పాళ్లు వృథా. ఓ చిన్న ప్రయత్నం చేయాలనుంటే, తల్లి మొక్క మొదట్లోనే, చివికిన ఆకు ఎరువు మీద చిటికెడు చల్లి మరిచిపోండి, ఆ మట్టిలో శిలీంధ్రం ఇప్పటికే ఉంటుంది. దగ్గర్లో టిష్యూ కల్చర్ ల్యాబు ఉంటే కాయను పచ్చిగా ఉండగానే, కొనలు పసుపు తిరగకముందే, కాడతో సహా కాగితం పొట్లంలో తీసుకెళ్లండి. పగలని కాయకు పై తొక్క ఒక్కటి శుభ్రం చేస్తే చాలు. పగిలిన కాయ తీసుకెళ్తే గింజ గింజకూ బూజు కడగాలి, ఆ పనికి చాలామంది ఒప్పుకోరు.