కత్తి కన్నా ముందు ఎడమచెయ్యి

చిరంజీవి చిన్నాకు,

పెదనాన్న దీవెనలు. జర్మనీలో కత్తులకు పేరుపడ్డ సోలింగెన్ దాకా వెళ్ళి మంగలికత్తి కొన్నావని మీ నాన్న చెప్పాడు, ఫొటో కూడా పంపాడు. వస్తువు మంచిదే. ఆ ఊరి పేరు ఎవరు పడితే వాళ్ళు కత్తుల మీద కొట్టుకోకుండా 1938లోనే అక్కడ చట్టం చేశారు, కాబట్టి ఉక్కు గురించి నాకు బెంగ లేదు. మొన గుండ్రంగా ఉన్నది తీసుకోవడం ఇంకా మంచి పని. చదరం మొన అయితే కొత్తవాడి చెవితమ్మెనే ముందు పలకరిస్తుంది.

నా బెంగంతా నీ ఎడమచేతి గురించి. కత్తి ఎలా పట్టుకోవాలని అందరూ అడుగుతారు, చర్మం ఎలా పట్టుకోవాలని ఒక్కడూ అడగడు. తెనాలి షాపులో కొత్త కుర్రాడు చేరితే ముందు నురగ పూయడం, చర్మం బిగబట్టడం నేర్పేవాళ్ళం. కత్తి చాలా రోజుల తర్వాతి మాట. వదులుగా ఉన్న చర్మం కత్తి ముందు మడత పడుతుంది, ఆ మడత తెగుతుంది. అంతే సంగతి.

కుడి బుగ్గ గీసుకోవాలంటే ఎడమచేతిని తల మీదుగా తీసుకొచ్చి, చెవి ముందు వేళ్ళు ఆనించి చర్మాన్ని పైకి లాగు. దవడ దగ్గర ఇంకో కిటుకుంది. ఎముక అంచు మీద కత్తి నడపకు. దవడ కింది చర్మాన్ని బుగ్గ మీదికి లాగి, చదునుగా ఉన్నచోట గియ్యి. సబ్బు వల్ల వేళ్ళు జారుతున్నాయనుకో, పటికను తడిపి వేళ్ళకు రాసుకో, పట్టు దొరుకుతుంది. ఆ పటికే తర్వాత చిన్న గాట్లకూ పనికొస్తుంది.

ఇప్పుడు కత్తి. మూడు వేళ్ళు కాడ మీద, అంటే బ్లేడుకూ పిడి మేకుకూ మధ్య సన్నటి భాగం మీద. చిటికెనవేలు ఆ మేకు అవతల వంపు తిరిగిన తోక మీద, బొటనవేలు కాడ కింద. పిడిని పూర్తిగా వెనక్కి తెరిచెయ్యి. బుగ్గ మీద కత్తిని ముందు బల్లపరుపుగా పడుకోబెట్టు. తర్వాత వీపును, అంటే అంచుకు అవతల ఉండే మందపాటి వైపును, దాని మందానికి రెండింతలు పైకి లేపు. 30 డిగ్రీలని అంటుంటారే, కాస్త అటూ ఇటూగా అది ఇదే. మరీ లేపితే చర్మాన్ని గీకుతుంది, మరీ పడుకోబెడితే వెంట్రుకను పట్టి లాగుతుంది. సరిగ్గా కుదిరిందంటే సన్నగా సర్రుమని చప్పుడొస్తుంది. ఫ్యాను ఆపి గీసుకో, చప్పుడు వినపడాలి. చిన్నచిన్న గీతలు చాలు, కత్తి బరువే పని చేస్తుంది, నువ్వు నొక్కక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యం, కత్తి ఎప్పుడూ అంచుకు అడ్డంగానే నడవాలి. కూరగాయలు తరిగేటప్పుడు చెయ్యి ముందుకూ వెనక్కూ ఆడుతుంది చూడు, అలా అంచు పొడవునా ఒక్క వెంట్రుకవాసి జరిగినా తెగుతుంది.

మొదటి రెండు వారాలూ రెండు బుగ్గలే. మిగతాది నీ మామూలు రేజరుతో కానిచ్చెయ్. తర్వాత దవడ, ఆ తర్వాత మెడ, చివరికి చుబుకమూ పైపెదవీ. చుబుకం దగ్గర వెంట్రుక మొండిది, చోటు వంకర, కొత్తవాళ్ళంతా అక్కడే దెబ్బ తింటారు. మెడ మీద వెంట్రుక ఒక్కో చోట ఒక్కో వైపు పడుకుని ఉంటుంది. రెండ్రోజుల గడ్డం మీద వేళ్ళతో తడిమి చూసుకో, ఏ వైపు నునుపుగా ఉంటే ఆ వైపే గియ్యి. ఎదురు గీయడం ఇప్పుడప్పుడే వద్దు. నున్నగా రాకపోతే రాకపోయిందిలే. ఎదురు గీసిన చోట వెంట్రుక చర్మంలోకి తిరిగి పొక్కులొస్తాయి.

గీసుకునేముందు వేడినీళ్ళతో గడ్డాన్ని రెండు మూడు నిమిషాలు బాగా నానబెట్టు. బ్రష్షూ సబ్బూ వాడు, డబ్బాలో నురగ త్వరగా ఆరిపోతుంది. మొటిమ ఉన్నచోటు వదిలెయ్యి.

ఇక అంచును సరిచేసే తోలుపట్టా సంగతి. ప్రతిసారీ గీసుకునేముందు కత్తిని దాని మీద ఒక 50 సార్లు తిప్పు. పట్టాను బిగించి పట్టుకో, వీపు ముందు వెళ్ళాలి, అంచు వెనక రావాలి. చివరికి చేరాక వీపు మీదే దొర్లించి తిప్పాలి. అంచు మీద తిప్పావంటే పట్టాకు గాటు, కత్తికి మొద్దు. వేగం అక్కర్లేదు. సినిమాల్లో టకటకా కొడతారే, అదంతా షో.

పదునుపెట్టే సానరాయి మాత్రం ఇప్పుడు కొనకు. రాయి మీద పద్ధతి పట్టాకు తలకిందులు, అక్కడ అంచే ముందు నడుస్తుంది. రెండూ ఒకేసారి నేర్చుకుంటే కలగాపులగం అయిపోతుంది. పదును తగ్గిందో లేదో తెలియాలంటే వెంట్రుకలు లాగుతున్నాయేమో చూసుకో చాలు. బొటనవేలితో అంచు పొడవునా నిమిరి చూడకు.

సగం బ్లేడు పెట్టుకునే కత్తి కొందామా అని కూడా అడిగావట. ఎయిడ్స్ భయం వచ్చాక మన షాపులన్నీ దానికే మారాయి, మనిషికో బ్లేడు, అది న్యాయమే. కానీ ఆ బ్లేడు పల్చన, మూలలు గుచ్చుకుంటాయి, చెయ్యి కుదరనివాణ్ణి అది అస్సలు క్షమించదు. ఉన్నదానితోనే నేర్చుకో. రూమ్మేట్లు సరదాగా అడిగినా నీ కత్తి ఇవ్వకు, హెపటైటిస్ బి లాంటివి రక్తం చుక్కతో అంటుకుంటాయి.

పని కాగానే కత్తి కడిగి, మెత్తటి గుడ్డతో వీపు నుంచి అంచు వైపు తుడిచి, బాగా ఆరనిచ్చాకే మూసిపెట్టు. కొన్నాళ్ళు వాడకపోతే కుట్టుమిషన్ నూనె ఒక చుక్క రాయి. కత్తులు ఎక్కువగా పాడయ్యేది కుళాయికి తగిలే. చిన్న పెచ్చు ఊడినా పట్టాతో బాగుకాదు. అలా జరిగితే ఇంటికి వచ్చేటప్పుడు తీసుకురా, రాయి మీద నేను చూస్తాను. సూట్‌కేసులో వేసి చెకిన్ చెయ్యి, చేతిబ్యాగులో పెడితే ఎయిర్‌పోర్టులో లాగేసుకుంటారు.

మీ పెదనాన్న