సందేహాలు – సమాధానాలు: ‘చేసి’ అనాలా, ‘చేస్తే’ అనాలా?

ప్రశ్న: ప్రోగ్రామింగ్ కొత్తగా నేర్చుకునేవారికి తెలుగులో పాఠం రాస్తున్నాను. వెబ్‌సైటుకు వచ్చే రిక్వెస్టుకు జవాబు తయారుచేసేది హ్యాండ్లర్, అంతకుముందే ఆ రిక్వెస్టును అందుకునే కోడ్ మిడిల్‌వేర్. “రిక్వెస్టు మిడిల్‌వేర్ ద్వారా తనిఖీ చేయబడి హ్యాండ్లర్‌కు పంపబడుతుంది” అనవచ్చా? ఒక ఫంక్షన్ ఫలితాన్ని మరో ఫంక్షన్‌కు అందించే ఫంక్షన్ కంపోజిషన్‌ను ఏమనాలి?

సమాధానం: ఇంటర్ గణితంలో ‘సంయుక్త ప్రమేయం’ ఉంది. మీ విద్యార్థులు ఫంక్షన్ అనే అంటుంటే అదే ఉంచండి. మిడిల్‌వేర్‌కు కొత్త మాట పుట్టించనక్కర్లేదు.

నా పేచీ అంతా ఆ ‘బడు’లతోనే. తనిఖీ చేసిందెవరు, పంపిందెవరు? కర్త కనబడని వాక్యంతో ప్రోగ్రాం ఎలా నేర్పుతారండీ! ఒక పని ముగించి మరోటి అని చెప్పే, వ్యాకరణకర్త చిన్నయసూరి క్త్వార్థకమన్న ‘చేసి, కలిపి, చూసి’ రూపాలు చేతిలో ఉండగా ఈ అవస్థ ఎందుకు?

క్త్వార్థకం పనుల వరుసను ఉన్నదున్నట్టు చెబుతుంది. కోడ్‌లో రెట్టింపు(మూడుకలుపు(5)) అని ఉందనుకోండి. ఎడమనుంచి చదివిన విద్యార్థి ముందు రెట్టింపు చేసి 13 అంటాడు. నడిచేది లోపలి ఫంక్షనే ముందు కాబట్టి జవాబు 16. “5కు 3 కలిపి రెట్టింపు చెయ్యి” అని చెప్పించండి, పొరపాటు పడడు. కోడ్ రాసిన వరుసకు ఎదురైనా, నడిచే వరుస మన వాక్యంలో ఉంది. లోపలి ఫంక్షన్ ఇచ్చే విలువ బయటిదానికి పనికొచ్చే రకమై ఉండాలని కూడా అక్కడే చెప్పండి.

అయితే క్త్వార్థకానికి, వాక్యాన్ని ముగించే సమాపక క్రియకు కర్త ఒక్కటే కావాలి. ‘వర్షం పడి చెరువు నిండింది’ వంటివి వాడుకలో ఉన్నా, పాఠంలో ఆ దారి పట్టకండి. పైగా “లాగిన్ సరిచూసి పంపుతుంది” అంటే రెండు పనులూ తప్పక జరిగినట్టే. ఎక్స్‌ప్రెస్ అనే జావాస్క్రిప్ట్ వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో విద్యార్థి సరిగ్గా అలాగే రాస్తాడు: లాగిన్ తప్పితే 401 (లాగిన్ కావాలి) జవాబు పంపి, అక్కడితో ఆపే రిటర్న్ మరిచి, రిక్వెస్టును తరువాతి అంచెకు పంపే నెక్స్ట్()ను కిందనే పిలుస్తాడు. హ్యాండ్లర్ రెండోసారి జవాబు పంపబోతే, హెడర్లు (జవాబుకు ముందుండే వివరాలు) ముందే వెళ్లిపోయాయని ఎర్రర్ వస్తుంది. జవాబూ పంపక, నెక్స్ట్()నూ పిలవకపోతే రిక్వెస్టు అలాగే వేలాడుతుంది. ఇక్కడ కావలసింది షరతు చెప్పే చేదర్థకం: ‘ఉంటే, లేకుంటే’.

 

“లాగిన్ సరిగా ఉంటే మిడిల్‌వేర్ రిక్వెస్టును హ్యాండ్లర్‌కు పంపుతుంది, లేకుంటే తానే జవాబిచ్చి ఆపేస్తుంది” అని రాయండి. లాగ్ (వచ్చిన రిక్వెస్టుల చిట్టా) మాత్రమే రాసే మిడిల్‌వేర్‌కు షరతు లేదు గనుక, “రాసి పంపుతుంది” అన్నా తప్పుపట్టను.