సైన్యం సంగతీ ఆసుపత్రి సంగతీ ఒకే ఎంపీ చూస్తారా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంగ్లండ్ దక్షిణ తీరంలో ఒక నౌకాదళ పట్టణంలో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడి ఎన్నికల కరపత్రాల్లో ఒక పక్క నౌకాదళం, మరో పక్క ఊరి ఆసుపత్రి ఉంటాయట. ఇక్కడ ఆసుపత్రి విషయమై ఎంపీని అడిగితే ‘అది రాష్ట్రానిది’ అంటారు. అక్కడ రెండూ ఒక్కరే ఎలా చూస్తారు?
– ఒక పాఠకురాలు, విమానపుర, బెంగళూరు

జవాబు: మన రాజ్యాంగం రక్షణను కేంద్ర జాబితాలోనూ, ఆసుపత్రులను రాష్ట్ర జాబితాలోనూ చేర్చింది కనుక మీకు చెప్పిన మాట తప్పించుకోవడానికే అన్నా, అబద్ధం మాత్రం కాదు. మీకు దగ్గరలోని కమాండ్ హాస్పిటల్ రక్షణ శాఖది, విక్టోరియా ఆసుపత్రి కర్ణాటక ప్రభుత్వానిది. స్కాట్లండ్, వేల్స్‌లకు ఉన్నట్టు ఇంగ్లండ్‌కు ప్రత్యేక శాసనసభ లేదు. అందువల్ల అక్కడి ప్రభుత్వ ఆసుపత్రులను నడిపే, 1948లో మొదలైన జాతీయ ఆరోగ్య సేవ (ఎన్‌హెచ్‌ఎస్) విషయంలో అక్కడివారికి పార్లమెంటులో జవాబు చెప్పవలసింది లండన్‌లోని ఆరోగ్య మంత్రే.

అయితే ఆసుపత్రిని ఉంచే అధికారం గానీ, మన ఎంపీలకున్న ఏటా 5 కోట్ల నియోజకవర్గ నిధి వంటిది గానీ బ్రిటిష్ ఎంపీకి లేవు. ఆయన చేతిలో ఉన్నది మంత్రిని నిలబెట్టి అడిగే హక్కు. రాతపూర్వక ప్రశ్నలు వేయవచ్చు. సభ ముగిసే వేళ అరగంట చర్చ కోరవచ్చు. ఓటింగు లేని ఆ చర్చకు సభ దాదాపు ఖాళీగా ఉన్నా, సంబంధిత మంత్రి లేచి ఆ ఒక్క ఊరి గురించి సమాధానం చెప్పి తీరాలి. రక్షణ కమిటీలో చోటు దొరికితే సైనికాధికారులను పిలిపించి ప్రశ్నించవచ్చు. కమిటీ నివేదికకు ప్రభుత్వం సాధారణంగా రెండు నెలల్లో బదులివ్వాలి.

ఈ రెండు పనులూ ఒకటైపోయిన సందర్భం పోర్ట్స్‌మత్ రేవుకు ఎదురుగా ఉన్న గోస్‌పోర్ట్‌లో వచ్చింది. 18వ శతాబ్దిలో నావికుల కోసం కట్టిన అక్కడి హాస్లర్ ఆసుపత్రిలో ఊరివారికీ వైద్యం అందేది. దానిని మూసివేస్తామని రక్షణ శాఖ 1998లో ప్రకటించింది. కేవలం సైనిక ఆసుపత్రిలో పనిచేస్తే వైద్యులకు చాలినన్ని రకాల రోగులు తగలరని, నైపుణ్యం నిలవాలంటే పెద్ద పౌర ఆసుపత్రుల్లో పనిచేయాలని దాని వాదన. వైద్యపరంగా అది కొట్టిపారేయదగినది కాదు. కానీ రైల్వే స్టేషనైనా లేని ఆ ఊరి నుంచి రోగి రేవును చుట్టి, రద్దీ రోడ్డు మీద కోషమ్‌లోని క్వీన్ అలెగ్జాండ్రా ఆసుపత్రికి చేరాలి. 1974 నుంచి 2010 దాకా అక్కడి ఎంపీగా ఉన్న పీటర్ విగర్స్ రక్షణ, ఆరోగ్య శాఖలు రెండింటినీ నిలదీశారు. సైన్యం 2007లో తప్పుకుంది, 2009లో ఆసుపత్రి మూతపడింది. ఆయన ఓడిపోయారనే అనాలి. అయినా ప్రకటనకూ మూతకూ మధ్య పదేళ్లు గడిచాయన్నది ఆ ఊరివారికి చిన్న విషయం కాదు.

ఇంగ్లండ్‌లోనే మరో పట్టణంలో, 2001లో, కిడర్‌మిన్‌స్టర్ ఆసుపత్రి అత్యవసర విభాగం మూసివేతకు నిరసనగా స్వతంత్రుడిగా నిలిచిన విశ్రాంత వైద్యుడు రిచర్డ్ టేలర్ ఏకంగా 17,630 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. ఆ విభాగం మునుపటి రూపంలో తిరిగి రాలేదు.

మీరు అడగలేదు గానీ, చట్టబద్ధంగా అక్కడ నివసిస్తున్న భారతీయులు కామన్వెల్త్ పౌరులుగా బ్రిటిష్ పార్లమెంటు ఎన్నికల్లో ఓటు వేయవచ్చు. మీ అబ్బాయి స్థానిక మండలిలో పేరు నమోదు చేయించుకున్నాడో లేదో కనుక్కోండి.