నలభై ఏళ్లు ఒకే మేయరు: చార్లెస్టన్‌లో జో రైలీ ఏం చేశారు?

అమెరికాలో దక్షిణ కరోలినా రాష్ట్రంలోని చార్లెస్టన్‌కు జోసెఫ్ రైలీ 1975 డిసెంబరు నుంచి 2016 జనవరి వరకు మేయరు. నాలుగేళ్ల పదవీకాలం చొప్పున పదిసార్లు గెలిచారు. అక్కడ ఇన్నిసార్లే పోటీ చేయాలనే పరిమితి లేదు. అయినా ప్రతిసారీ ప్రజల ముందుకు వెళ్లాల్సిందే.

1980లో సుమారు 70 వేలున్న జనాభా 2010కి 1.2 లక్షలు దాటింది. చుట్టుపక్కల ప్రాంతాలు నగరంలో కలవడం ఇందుకు ఒక ముఖ్య కారణం.

నన్ను బాగా ఆకట్టుకున్నది పేదల ఇళ్ల విషయం. అందరినీ ఒకేచోట కుక్కకుండా, పాత వీధుల్లోనే అక్కడక్కడా చిన్న ఇళ్లు కట్టించారు. ఇరుకు వైపు వీధికి, పొడవాటి వరండా పక్కకు ఉండే ఆ ఊరి సంప్రదాయ నమూనానే వాటికీ వాడారు. చూసినవారికి అవి ప్రభుత్వ ఇళ్లని తెలియదు. పేదవాడి గౌరవం కాపాడటమంటే ఇదే!

1990లో నదీతీరాన ఉద్యానవనం తెరిచారు. వేసవిలో పిల్లలు అక్కడి అనాసపండు ఆకారపు ఫౌంటెన్‌లో తడుస్తూ ఆడుకుంటారు. ఆయన 2000లో ప్రతిపాదించిన ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియం మాత్రం, పదవి దిగాక, 2023లో తెరుచుకుంది.