కాక్‌పిట్‌లో మాసిన సాక్సుల వాసన వస్తే...

విమానంలో పీల్చే గాలి గురించి వచ్చిన ఉత్తరాలకు ఈ సంచికలో ఒక ఏవియేషన్ మెడిసిన్ వైద్యుడు, ఒక విమాన నిర్వహణ ఇంజినీరు కలిసి జవాబులిస్తున్నారు.

ప్రశ్న: ఎయిర్‌బస్ ఎ320 విమానం మీద ఫస్ట్ ఆఫీసర్‌ని (కో-పైలట్‌ని). పొద్దుటి మొదటి ఫ్లైట్‌లో, దిగేముందు థ్రస్ట్ (ఇంజిన్ తోపుడు బలం) మార్చినప్పుడు ఒక్కోసారి మాసిన సాక్సుల వాసన వస్తుంది. రెండు నిమిషాల్లో పోతుంది. పొగ ఎప్పుడూ కనబడలేదు. పట్టించుకోవాలా? (శంషాబాద్)

జవాబు: తప్పకుండా పట్టించుకోవాలి. మీకు అందే బయటి గాలి ఇంజిన్ కంప్రెసర్ నుంచి తీసిన బ్లీడ్ ఎయిర్. ఇంధనం మండకముందే తీస్తారు కాబట్టి మామూలుగా అది శుభ్రంగానే ఉంటుంది. కానీ కంప్రెసర్ తిరిగే షాఫ్టుకు బేరింగులున్నాయి, వాటికి ఆయిల్ కావాలి. ఆ ఆయిల్‌ని ఆపే సీళ్లు సీసా బిరడాలా బిగుసుకుని ఉండవు. బయటినుంచి గాలి పీడనం లోపలికి నొక్కుతూ ఉంటేనే పనిచేస్తాయి. థ్రస్ట్ మారే ఆ కొద్ది క్షణాల్లో పీడనం తేడా తగ్గినా, సీలు అరిగినా, ఆయిల్ ఎక్కువ పోసినా, సన్నని ఆవిరి గాలిలోకి జారుతుంది. ఏపీయూ (విమానం తోకలో ఉండే చిన్న సహాయక ఇంజిన్) సీళ్లదీ ఇదే కథ.

జెట్ ఆయిల్ వేడికి విరిగినప్పుడు వాలెరిక్ ఆమ్లం లాంటివి పుడతాయి. మీరు చెప్పిన వాసన వాటిదే. దానితోపాటు కార్బన్ మోనాక్సైడ్, ఫార్మాల్డిహైడ్, ఎక్రోలీన్ కూడా రావచ్చు. అరుగుదల తగ్గించడానికి ఆయిల్‌లో సుమారు 3 శాతం దాకా ట్రైక్రెసైల్ ఫాస్ఫేట్ కలుపుతారు. అది ఆర్గానోఫాస్ఫేట్, అంటే మన పత్తిచేలల్లో కొట్టే కొన్ని పురుగుమందుల కుటుంబం. క్యాబిన్‌లోని హెపా ఫిల్టర్లు తిరిగి వాడే గాలిలోని రేణువులను పడతాయి. ఆవిరులనూ వాయువులనూ ఆపలేవు. ఎన్95 మాస్కు కూడా అంతే.

వాసన రెండు నిమిషాల్లో పోయిందంటే గాలి బాగుపడిందని అనుకోకండి. ముక్కు అలవాటు పడి ఉండవచ్చు. తల దిమ్ముగా ఉన్నా, కళ్లు మండినా, చెక్‌లిస్టు చదువుతూ తడబడినా ముందు కాక్‌పిట్‌లోని ఆక్సిజన్ మాస్కు పెట్టుకోండి, చర్చ తర్వాత. ఒంటిచేత్తో 5 సెకన్లలో పెట్టుకునేలా దాన్ని తయారుచేసింది ఇందుకే. మాస్కు మీది సెలెక్టర్ 100 శాతం మీద, పీడనంతో వచ్చే ఎమర్జెన్సీ స్థానంలో ఉండాలి. నార్మల్‌లో ఉంచితే అదే క్యాబిన్ గాలి ఆక్సిజన్‌తో కలిసి మళ్లీ మీ ఊపిరితిత్తుల్లోకే వస్తుంది. ఇద్దరూ పెట్టుకోవాలి. 2010 డిసెంబరులో వియన్నా నుంచి కొలోన్ వెళ్లిన ఎ319లో దిగే దారిలో వింత వాసన వచ్చి పైలట్లిద్దరూ దాదాపు అశక్తులయ్యారు. మాస్కులు పెట్టుకుని అతికష్టం మీద విమానాన్ని దింపారు. మాస్కులు పెట్టుకున్న తర్వాతే ప్యాకులు (బ్లీడ్ ఎయిర్‌ని చల్లబరిచి క్యాబిన్‌కు పంపే యూనిట్లు) ఒక్కొక్కటిగా ఆపి చూసే చెక్‌లిస్టు తీయండి.

ప్రశ్న: టెక్ లాగ్‌లో (విమానం లోపాలు రాసే పుస్తకంలో) రాస్తే ‘గ్రౌండ్ రన్‌లో వాసన లేదు’ అని మూసేస్తున్నారు. ఏం రాస్తే పని జరుగుతుంది? (ఒక కెప్టెన్, హైదరాబాద్)

జవాబు: ‘కాక్‌పిట్‌లో వాసన’ అని రెండు మాటలు రాసి వదిలేస్తే ఇంజినీరు చేతికి ఆధారం దొరకదు. ఎప్పుడు వచ్చింది, ఏ దశలో, థ్రస్ట్ పెంచుతుంటేనా తగ్గిస్తుంటేనా, ఏపీయూ బ్లీడ్ ఉందా, ఏ ప్యాక్ ఆపితే తగ్గింది, వెనక క్యాబిన్‌లో కూడా వచ్చిందా, ఎంతమందికి ఏ లక్షణాలు కనిపించాయి అన్నీ రాయండి. ఏపీయూ బ్లీడ్ తెరిచినప్పుడే వస్తుంటే వెతకాల్సింది ఏపీయూలో. గాలిలోకి లేచాక ప్యాక్ 2 ఆపితే తగ్గిందంటే రెండో ఇంజిన్ వైపు. ఈ ఒక్క వాక్యంతో వెతుకులాట సగం అవుతుంది.

ఇంజినీర్లకూ ఒక మాట. నేల మీద ఐడిల్‌లో (ఇంజిన్ కనీస వేగంలో) నడిపి వాసన లేదని సంతకం పెడితే సరిపోదు. థ్రస్ట్ మార్పుల్లో జారే సీలు ఐడిల్‌లో బయటపడకపోవచ్చు. గత కొన్ని ఫ్లైట్ల ఆయిల్ వినియోగం చూడండి. అది ఒక్కసారిగా పెరిగిందా అన్నదే అసలు సాక్ష్యం. ఇంజిన్ ఆపాక మాన్యువల్ చెప్పిన వ్యవధి లోపలే ఆయిల్ కొలవాలి. చల్లబడ్డాక చూస్తే మట్టం తక్కువగా కనబడి ఎక్కువ పోస్తారు. సీలు మార్చినా, డక్టుల్లో అంటుకున్న ఆయిల్‌ని వేడిగాలితో కాల్చి వదిలించకపోతే వాసన మళ్లీ మళ్లీ వస్తుంది.

2022 అక్టోబరు 12న గోవా నుంచి వస్తున్న క్యూ400 విమానం క్యాబిన్‌లో పొగతో శంషాబాద్‌లో దిగింది. ఆ విమానాన్ని నడిపే సంస్థ క్యూ400ల ఇంజిన్ ఆయిల్ నమూనాలను 15 రోజులకోసారి తయారీదారుకు పంపాలని, బ్లీడ్ ఆఫ్ వాల్వు జల్లెడ మీద ఆయిల్ తడి ఉందేమో చూడాలని విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆదేశించింది. ఆయిల్‌లో లోహపు రజను, కార్బన్ సీలు తునకలు కనబడితే పొగ రాకముందే లోపం దొరుకుతుంది. పొగ వచ్చేదాకా ఆగకుండా ప్రతి సంస్థా ఈ పని చేయాలన్నది మా గట్టి అభిప్రాయం.

పైలట్లు అత్యవసరంగా ఆక్సిజన్ వాడాల్సి వస్తే అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ (ఐసీఏఓ) ప్రమాదాల దర్యాప్తు నిబంధనలైన అనెక్స్ 13 దాన్ని తీవ్ర సంఘటనల ఉదాహరణల్లో చేర్చింది. కాబట్టి మాస్కు పెట్టుకున్న సంగతి రిపోర్టులో దాచకండి.

ప్రశ్న: నెల క్రితం ఇలాంటి సంఘటన తర్వాత తలనొప్పి, వేళ్లలో తిమ్మిరి. మర్నాడు ఆసుపత్రిలో ఆక్సిజన్ 98 అన్నారు, కోలినెస్టరేజ్ మామూలే అన్నారు. అంటే ఏమీ కాలేదనా? (విశాఖపట్నం)

జవాబు: ఆ రెండు అంకెలూ మీ ప్రశ్నకు జవాబు చెప్పలేవు. వేలికి పెట్టే ఆక్సీమీటరు కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న హిమోగ్లోబిన్‌ని కూడా ఆక్సిజన్ ఉన్నట్టే చూపిస్తుంది. కార్బాక్సీ హిమోగ్లోబిన్ అని విడిగా, కో-ఆక్సీమీటర్‌తో అడిగి చేయించాలి. మామూలు గాలిలో అది 4, 5 గంటల్లో సగానికి పడిపోతుంది. నూరుశాతం ఆక్సిజన్ మీద గంట, గంటన్నరలోనే. మర్నాటికి రక్తంలో ఏం మిగులుతుంది? విమానాశ్రయం దాటగానే రక్తం ఇవ్వాలి. మాస్కు ఎంతసేపు పెట్టుకున్నారో డాక్టరుకు చెప్పాలి.

కోలినెస్టరేజ్ అంటే ఆర్గానోఫాస్ఫేట్లు దెబ్బతీసే ఎంజైము. ఆ పరీక్ష పురుగుమందు తాగిన కేసుల వల్ల గుంటూరు, వరంగల్ ఆసుపత్రులకు బాగా అలవాటే. అయితే మందు తాగినప్పుడు ఒంట్లోకి పోయే మోతాదు వేరు, ఆవిరిగా పీల్చేది వేరు. ఈ మోతాదులో ఫలితం మామూలుగా రావడమే ఎక్కువ. పైగా ఒక్కొక్కరి అంకె ఒక్కోలా ఉంటుంది. ఆర్యవైశ్య కుటుంబాల్లో కొందరికి ప్లాస్మా కోలినెస్టరేజ్ పుట్టుకతోనే చాలా తక్కువ. వాళ్లకి అంకె తగ్గిందంటే విషమని భయపడనక్కర్లేదు. కాకపోతే ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరుకు తప్పకుండా చెప్పుకోవాలి. అందుకే ఏటా మెడికల్‌తోపాటు ప్లాస్మాదీ, ఎర్రకణాలదీ రెండు అంకెలూ ఆరోగ్యంగా ఉన్నప్పుడే తీసి దాచుకోండి.

తిమ్మిరి నెలైనా తగ్గలేదు కాబట్టి న్యూరాలజిస్టుకు చూపించి నరాల ప్రసరణ పరీక్ష చేయించుకోండి. షుగరు, బి12 కూడా చూడాలి, ఎందుకంటే షుగరు పెరిగినా, బి12 తగ్గినా అచ్చం ఇలాంటి తిమ్మిరే వస్తుంది. తేలేదాకా విమానం నడపకండి.

ప్రశ్న: ‘ఏరోటాక్సిక్ సిండ్రోమ్’ నిజమేనా? (చికాగో)

జవాబు: విమానంలోని కలుషిత గాలి వల్ల వస్తుందని చెప్పే అనారోగ్యానికి 1999 నుంచి ఆ పేరు వాడుకలో ఉంది. వైద్యం దాన్ని ఇంకా అధికారిక రోగనిర్ధారణగా ఒప్పుకోలేదు. బ్రిటన్‌లో క్రాన్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయం 100 ఫ్లైట్లలో గాలి కొలిచి 2011లో ఇచ్చిన నివేదికలో పరిమితులు దాటలేదని చెప్పింది. అయితే ఆ ఫ్లైట్లలో చెప్పుకోదగ్గ లీకు సంఘటన జరగలేదు. వాన పడని రోజు కప్పు కారలేదంటే కప్పు బాగున్నట్టు కాదు. మరోవైపు, 1992లో బీఏఈ 146 విమానంలో పొగ పీల్చి ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఒక ఫ్లైట్ అటెండెంటుకు ఆస్ట్రేలియా కోర్టు పరిహారం ఇచ్చింది. ఒక్కసారి గట్టిగా పీల్చితే హాని ఉందన్నది నిజం. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా పీల్చితే ఏమవుతుందన్న దానిపైనే వాదన నడుస్తోంది.

ప్రశ్న: మా అబ్బాయి పైలట్ ట్రైనింగ్‌కి కెనడా వెళుతున్నాడు. ఈ సంగతులు విని భయమేస్తోంది. (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: అమ్మా, శిక్షణలో వాడే సెస్నా 172 లాంటి చిన్న విమానాల్లో బ్లీడ్ ఎయిర్ ఉండదు. అక్కడ చూసుకోవాల్సింది వేరు. వాటి హీటరు, పొగగొట్టం మఫ్లరు చుట్టూ తిరిగిన గాలినే లోపలికి పంపుతుంది. మఫ్లరు పగిలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి వాసన ఉండదు. చలిదేశంలో హీటరు వేయక తప్పదు. అందుకని శబ్దం చేసే ఎలక్ట్రానిక్ కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి కొనివ్వండి. రంగు మారే అట్టముక్క కొన్ని నెలలకే పనికిరాకుండా పోతుంది. పైగా మత్తులో ఉన్నవాడు దాన్ని చూడడు. అలారం మోగినా, తలనొప్పి మొదలైనా హీటరు కట్టేసి, వెంట్లు పూర్తిగా తెరిచి, దగ్గర్లో ఉన్న రన్‌వే మీద దిగిపొమ్మని చెప్పండి.